కేక ఆగిన కంపోజింగ్ గది

కరోనా తగ్గుముఖం పట్టి ప్రెస్సు మళ్లీ పూర్తిగా తెరిచిన ఏడాది, వేసవి సెలవులకు కాస్త ముందు, నన్ను చిత్తూరు శాఖ నుంచి తిరుపతికి మార్చారు. హోదా సిస్టమ్స్ సూపర్‌వైజర్. పేరు పెద్దదే గాని చేయాల్సిన పని ఒకటే, కంపోజింగ్ విభాగంలో వాడే ఎడిటరును చూసుకోవడం. ఇక్కడ ఎడిటరంటే మనిషి కాదు, అక్షరాలు టైపు చేసి దిద్దుకోవడానికి వాడే కంప్యూటర్ ప్రోగ్రాము. పంచాంగాలు, బడిపిల్లల గైడ్లు, స్తోత్రాల పుస్తకాలు, క్యాలెండర్లు అన్నీ అందులోనే తయారయ్యేవి. నాకు ముందు పనిచేసిన ఆయన రాసిపెట్టి వెళ్లిన ప్రోగ్రాము అది. నేను రిటైరయ్యేదాకా దాన్ని సాకుతూ వచ్చాను.

కంపోజింగ్ గదిలో జంటలుగా కూర్చునేవారు. ఒకరు టైపు చేస్తారు, పక్కనే ఇంకొకరు ప్రూఫు దిద్దుతారు. చెరొక తెర, చెరొక కీబోర్డు ఉన్నా, ఇద్దరికీ కలిపి నడిచే ఎడిటరు మాత్రం ఒకటే. టైపయిన పేజీని పక్కవారు అప్పటికప్పుడే తెచ్చుకుని దిద్దుకోవచ్చునని అలా ఏర్పాటు చేశారు. తెరిచిన ప్రతి పుస్తకాన్నీ ఎడిటరు ఒక బఫరులో పెట్టుకుంటుంది. బఫరంటే బల్ల మీద తీసి పెట్టుకున్న కాగితాల కట్ట అనుకోండి. పనైపోయిన కట్టను మూసేస్తే, తెర బోసిగా ఉండకూడదు కాబట్టి, మిగిలిన కట్టల్లో ఒకదాన్ని ఎడిటరే ఎంచి చూపిస్తుంది. ఏది చూపించాలన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

పాత ప్రోగ్రాములో అందుకు ఒక నియమం ఉండేది. అన్నిటికంటే చివరగా చేయి పడిన బఫరును చూపించాలి. ఒక్కరే కూర్చుని పనిచేసుకునేటప్పుడు అది మంచి నియమమే. ఇద్దరు కలిసి పనిచేసేచోట, చివరగా చేయి పడినది సాధారణంగా పక్కవారి పుస్తకమే అవుతుంది. అందువల్ల ఒకరు తమ పుస్తకం మూయగానే, పక్కవారు దిద్దుతున్న పుస్తకం వచ్చి వీరి తెర మీద కూర్చునేది. చూసుకోకుండా టైపు మొదలుపెడితే వీరి వాక్యాలు పోయి వారి పుస్తకంలో పడేవి.

దీనికి ఆ గదివాళ్లు తమకు తామే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. దాన్ని కేక అనేవారు. పుస్తకం మూసినవారు, తెర మీదికి కొత్తగా వచ్చిన పుస్తకం పేరు పైకి చెప్పాలి. పక్కవారు తమ తెర మీద ఉన్నదాని పేరు బదులు చెప్పాలి. రెండు పేర్లూ వేరని తేలేదాకా ఎవరూ కీబోర్డు ముట్టకూడదు. ఒకరు "పంచాంగం" అంటే, ఇంకొకరు "నాది గైడు" అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గదంతా ఇదే గోల. కొత్తలో నాకు రేణిగుంట ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టే ఉండేది.

కిటికీ పక్క జంట చెంగల్రాయులు, మునిరత్నం. చెంగల్రాయులు టైపు చేసేవాడు, మునిరత్నం ప్రూఫులు దిద్దేవాడు. ఇద్దరూ బావాబామ్మర్దులు. చెంగల్రాయులు అక్క దేవకినే మునిరత్నం చేసుకున్నాడు. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు దేవకి పోయింది. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామని తమ్ముడు పట్టుబట్టాడట. తిరుపతి ఆసుపత్రిలోనే మంచం దొరికింది, ఈ స్థితిలో అంతదూరం కదిలించకూడదని భర్త ఆపాడట. ఎవరి మాట సరైనదో చెప్పగలిగేవారు లేరు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు లేవు. సీటు మార్చమని మాత్రం ఇద్దరూ అడగలేదు. పక్కపక్కనే కూర్చుని, కేకకు ఎంత అవసరమో అంతే పలికేవారు. "స్తోత్రాలు." "నాది క్యాలెండర్." అంతటితో సరి.

నేను చేరిన కొన్నాళ్లకు ఆ కేక కొంచెం పొడుగవడం గమనించాను. నా బల్ల వాళ్ల వెనకే కాబట్టి వద్దన్నా వినపడేది. ఒకరోజు మునిరత్నం దగ్గుతూ వచ్చాడు. చెంగల్రాయులు తెర మీంచి చూపు తిప్పకుండానే, "గైడు వచ్చిండాది. జొరమా?" అన్నాడు. మునిరత్నం, "నాది పంచాంగం. తగ్గిండాది" అన్నాడు. ఆ తర్వాత కేకకు తోక తగలడం మామూలైంది. ఎండ గురించి, బస్సుల గురించి, మామిడికాయల ధర గురించి ఒక్కొక్క ముక్క. ఒక శనివారం చెంగల్రాయులు నోట, "స్తోత్రాలు వచ్చిండాది బావా" అని వినపడింది. బావా అన్న పిలుపు ఆ గదిలో చాలా రోజులకు వినపడిందని పక్క జంటవాళ్లు నాతో అన్నారు. నాకూ సంతోషమనిపించింది. అది కేక పుణ్యమన్న ఆలోచన మాత్రం నాకు తట్టలేదు.

అదే రోజుల్లో ఇంకో జంట కేక మరిచిపోయి కొంప ముంచింది. ఆరో తరగతి సైన్సు గైడులో, జీర్ణవ్యవస్థ పాఠం నడిమధ్య, వృశ్చిక రాశివారికి ప్రయాణ లాభం ఉందని అచ్చయిపోయింది. చిత్తూరు నుంచి ఒక మేష్టరు ఫోను చేసి, పిల్లలకు ఏ పేగు గుండా ప్రయాణమో కూడా చెప్పమన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు నవ్వే స్థితిలో లేడు. గదిలో గోల పోవాలి, తప్పూ పోవాలి, ప్రోగ్రాము బాగుచేయమని నాకు ఉత్తర్వు వేశాడు.

ఆ పని నాకు ఇష్టమైనదే. పాత ఎడిటరులో బఫర్ల వరుస రెండు తెరలకూ కలిపి ఒకటే ఉండేది. నేను ఏ తెర వరుస దానికి వేరు చేశాను. పుస్తకం మూయగానే, ఆ తెర మీద దానికి ముందు ఏది కనిపించిందో అదే రావాలి. అది పక్క తెర మీద ఉంటే వదిలేసి దాని ముందుదానికి వెళ్లాలి. ఏదీ మిగలకపోతే ఖాళీ పేజీ చూపించాలే తప్ప, పక్కవారి పుస్తకం జోలికి పోకూడదు. వినడానికి చిన్న సంగతే. ఎడిటరు నిర్ణయం తీసుకునే చోట్లు ప్రోగ్రాములో అక్కడక్కడా చెదిరి ఉండటంతో, అన్నీ వెతికి ఒకచోటికి తేవడానికి చాలా రోజులు పట్టింది.

మా దగ్గర ఏ మార్పునైనా ముందు ఒక యంత్రం మీద పెట్టి చూడాలి. కొన్నాళ్లు తప్పు రాకపోతేనే అందరికీ పెడతాం. ఆ పరీక్షకు కిటికీ పక్క జంటనే ఎంచుకున్నాను. అందరిలోకీ జాగ్రత్తగా కేక పాటించేది వాళ్లే కాబట్టి, తేడా వస్తే వెంటనే పట్టేస్తారని అనుకున్నాను. సోమవారం పొద్దున కొత్త ప్రోగ్రాము పెట్టి, ఇక కేక అక్కర్లేదని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తలూపారు.

తప్పు ఒక్కటి కూడా రాలేదు. కొన్నాళ్లకు అన్ని జంటలకూ అదే పెట్టాం. గది సద్దుమణిగింది. మేనేజరు వచ్చి, గుళ్లో ఉన్నట్టుందని మెచ్చుకుని పోయాడు. నాకు గర్వంగానే ఉండింది. కిటికీ పక్కన కూడా నిశ్శబ్దమే. పుస్తకం మూస్తే సరైన పుస్తకం వచ్చేది. ఒకరి వైపు ఒకరు తిరగాల్సిన పనే లేకపోయింది.

నా ఇల్లు పాకాలలో. మునిరత్నానిదీ అదే ఊరు కావడంతో సాయంత్రం రైల్లో అప్పుడప్పుడు కలిసేవాళ్లం. కొత్త ప్రోగ్రాము వచ్చిన కొన్ని వారాలకు ఒకరోజు అతను కూతురి పెళ్లి కుదిరిందని చెప్పాడు. అబ్బాయిది చిత్తూరు, పెళ్లి కూడా అక్కడే. మా వైపు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామ. ఆ మేనమామను తండ్రే స్వయంగా బొట్టుపెట్టి పిలవాలి. చెంగల్రాయుల్ని పిలిచావా అని అడిగాను.

"పిలవాల మేడమ్. రోజూ అనుకుంటా పోతాండా. నోరు వచ్చేది లేదు. ఆ కేకుండినప్పుడు వాడు యాదో ఒగ మాట అనేవాడు. ఆ మాట పట్టుకుని పిలుద్దామని సూస్తా ఉంటి. ఇప్పుడు వాడూ అనేది లేదు, నేనూ అనేది లేదు" అన్నాడు.

కేక చేస్తూ వచ్చిన పనేమిటో అప్పుడు నాకు తట్టింది. పెళ్లిపత్రిక ఎలాగూ పంపిస్తావు కదా, అంతకంటే ముందు నువ్వే వాళ్లింటికి వెళ్లు అని చెప్పాను. చూస్తానన్నాడు. వెళ్లలేదు. వరసకు అన్న అయ్యే ఒకాయన చేత పత్రిక పంపించాడు. మేనమామకు పత్రిక ఇంకొకరి చేత పంపడమంటే, రావద్దని చెప్పినట్టే లెక్క.

పత్రిక అందిన మర్నాడు చెంగల్రాయులు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెళ్లి ఊసెత్తలేదు.

"మేడమ్, ఆ పాతది మళ్లా పెట్టేదానికి కాదా? మా మిషనుకు ఒగదానికే" అని అడిగాడు.

ఎందుకని అడిగితే, పాతదే అలవాటన్నాడు. నేను ఇక ఆగలేక, రైల్లో విన్నదంతా చెప్పేశాను. మీ బావ మనసులో నిన్ను పిలవాలనే ఉంది, పోయి నువ్వే పలకరించు, దానికి ప్రోగ్రాముతో పనేముంది అన్నాను.

"మీరు చెప్తే అది పిలుపవుతాదా మేడమ్? ఆయప్ప చెప్పాల. నేను పోయి మాట్లాడేదానికి, యేమని మాట్లాడేది? పనుంటే మాట్లాడొచ్చు. పని లేకుండా ఇన్నాళ్ల తర్వాత యేమని మొదలుపెట్టేది?" అన్నాడు.

మేనేజరుతో ఒక యంత్రం మీద పాత నియమాన్ని మళ్లీ పరీక్షించాలని చెప్పి ఒప్పించాను. ప్రోగ్రాములో మార్చాల్సింది ఒక్క పంక్తే. ఆ సాయంత్రమే మార్చి, మునిరత్నం తెర మీద కూడా అది పనిచేస్తోందని రెండుసార్లు చూసుకుని ఇంటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున చెంగల్రాయులు అందరికంటే ముందు వచ్చాడు. రెండు తెరలూ వెలిగించి, రెండింటి మీదా పుస్తకాలు తెరిచి పెట్టాడు. కాసేపటికి తన పుస్తకం మూశాడు. పక్క తెర మీది పంచాంగమే పాతరోజుల్లోలా ఇటు వచ్చి కూర్చుంది. "పంచాంగం వచ్చిండాది బావా" అన్నాడు. పక్కన మనిషి ఉన్నట్టే, మామూలు గొంతుతో అన్నాడు. సాధన చేసుకుంటున్నాడని నాకు అర్థమై, వినపడనట్టు తల వంచుకున్నాను. మునిరత్నం రాలేదు. పెళ్లి పనులకని ఆ రోజు నుంచే సెలవు పెట్టాడని మధ్యాహ్నం హాజరు చూసే ఆయన చెప్పాడు.

పెళ్లికి నేను చిత్తూరు వెళ్లాను. దేవకి పెదనాన్న కొడుకు బుట్ట పట్టుకున్నాడు. ఆయన మంచివాడే, పెళ్లికూతురు మాత్రం బుట్టలో కూర్చుని గుమ్మం వైపే చూస్తూ వచ్చింది. మునిరత్నం కూడా మంగళసూత్రం కట్టేదాకా అటే చూశాడు. ఆ రోజు చెంగల్రాయులు సెలవు పెట్టకుండా ప్రెస్సులో పనిచేశాడని తర్వాత తెలిసింది.

మునిరత్నం మళ్లీ ఆ సీటుకు రాలేదు. కూతురికి దగ్గరగా ఉంటుందని చిత్తూరు శాఖ అడిగి తీసుకున్నాడు. అతని స్థానంలో రేణిగుంట నుంచి కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుంది. మిగతా యంత్రాలన్నీ బాగున్నాయి, ఈ ఒక్కటి పక్కవారి పుస్తకం చూపిస్తోందని ఆమె వెంటనే ఫిర్యాదు చేసింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేను వెళ్లి కొత్త నియమం మళ్లీ పెడుతుంటే చెంగల్రాయులు లేచి చోటిచ్చాడు. "పెట్టేయండి మేడమ్. ఇంక కేకేస్తే పలికేదానికి యెవురుండారు" అన్నాడు.

నేను చేసిన సవరణ సరైనదే. ఇప్పుడు చేయమన్నా అలాగే చేస్తాను. ఆ తర్వాత మిగిలిన నా ఉద్యోగకాలంలో ఒక పద్ధతి మాత్రం అలవాటు చేసుకున్నాను. ఏ ఇబ్బందినైనా తీసేసే ముందు, ఆ ఇబ్బందితో ఇన్నాళ్లూ మనుషులు ఎలా నెగ్గుకొచ్చారో, ఆ ఏర్పాటు వాళ్లకు ఇంకా దేనికైనా అక్కరకొస్తోందా అని ఒక పూట ఆ గదిలో కూర్చుని చూసేదాన్ని. కొత్త నియమం ఆ ప్రెస్సులో ఇప్పటికీ నడుస్తోంది. ఒక పుస్తకం ముక్క ఇంకో పుస్తకంలో పడిందని మళ్లీ ఫిర్యాదు రాలేదు. ఆ బావాబామ్మర్దులు మాట్లాడుకున్నారన్న కబురు కూడా రాలేదు.