ముకర్రర్ అన్న జనం

మొన్న నిజామాబాదులో నాటకం చూస్తుంటే వెనకాయన సెల్లు మోగింది, మా మనవరాలు ఆయన మీద అంతెత్తున లేచింది. నాకు నవ్వొచ్చింది. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా లేచిన రోజుల్లో జనం నాటకానికి చెరుకుగడలతో వచ్చేవారు, వేషగాడు రాగం ఎత్తుకోగానే వీళ్లు గడ విరిచేవారు, పిప్పి ముందువాళ్ల మీద పడి తగాదాలయ్యేవి, చంటిపిల్లల ఏడుపులు సరేసరి. వీటన్నిటినీ మించింది, పద్యం నచ్చితే మళ్లీ పాడమని అరవడం. ముందు కుర్చీల్లోని ఆఫీసర్లు ఉర్దూ కవుల ముషాయిరాలో లాగా ముకర్రర్ అనేవారు, వెనక జనం అందుకునేవారు. చచ్చిపడ్డ వేషగాడైనా లేచి పాడాల్సిందే.

మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. ఆ ఏడు రొమ్ము జబ్బుతో మంచం పట్టి అప్పుడే లేచాడు. గట్టిగా పాడితే నెత్తురు పడుతుందని హకీం హెచ్చరించినా, పద్యం ఒక్కసారే పాడతానని అవ్వకు మాటిచ్చి ముఖానికి రంగు వేసుకున్నాడు. మైకులు లేని కాలం, చివరి వరుస దాకా గొంతే పోవాలి. ఆడవాళ్ల పరదా వెనక అవ్వ చేతులు బిగించుకుని కూర్చుంది, పక్కన పదేళ్ల నేను.

పద్యం అయింది, ముకర్రర్ అన్నారు, బాపు మళ్లీ పాడాడు. ఇంకోసారన్నారు. ఈసారి రాగం మధ్యలో ఆయన సింహాసనం పట్టుకుని తూలడం పరదా సందులోంచి నాకు కనబడింది, జనమేమో అది అభినయమనుకుని ఈలలు వేశారు. అంతలో పోలీసు అమీనే లేచి నిలబడి మళ్లీ అడిగాడు; ఆయన అడిగితే కాదనేదెవరు? బాపు ఊపిరి లాగితే దగ్గు తెర వచ్చింది, అయినా చెయ్యెత్తాడు. అవ్వ పరదా పక్కకు తోసి నిలబడింది.

“సాలు! గాయన పానం దీస్తరా ఏంది మీరు?”

పరాయి మగవాళ్ల ముందు ఏనాడూ నోరెత్తని మనిషి. చెరుకు నమలడం కూడా ఆగిపోయింది. అమీను ఏమనుకున్నాడో, తల వంచుకుని కూర్చున్నాడు. తెర దించేశారు. బాపు బతికాడు గాని, “నల్గుట్ల నా ఇజ్జత్ తీసినవ్” అని, చాలా రోజులు అవ్వతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఒళ్లు కుదుటపడ్డాక అదే వేషం కట్టాడు. గొంతు మునుపటికన్నా బాగుంది. పద్యం ముగించి, అలవాటు కొద్దీ ఆగి, జనం వైపు చూశాడు. ఒక్కరూ అడగలేదు. అందరూ పరదా వైపోసారి చూసి ఊరుకున్నారు. బాపు కాసేపు అట్లాగే నిలబడి, తర్వాతి మాట అందుకున్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పటి జనం బుద్ధిగా చూసి, చివర్న చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతున్నారు, వేషగాళ్లకు ప్రాణభయం లేదు. మంచిదే. కానీ పద్యం అయిపోయిన ప్రతిసారీ నేను ఆ పాడిన మనిషి ముఖంలోకి చూస్తాను, మా బాపులాగే ఇతనూ ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నాడేమోనని.