మొయినాబాద్ మిస్త్రీ చూపిన వాపసు తోవ

మొయినాబాద్ మిస్త్రీ పోయాడని సోమవారం పొద్దున పట్నం బస్సు డ్రైవరు చెప్పాడు. చేవెళ్లలో బస్సు ఆగీ ఆగకముందే తల బయటపెట్టి, "మీ మిస్త్రీ పోయిండన్న. నిన్న పగటి అన్నం తిని ఒరిగిండట, మళ్ల లేవలే" అన్నాడు. నేను అప్పుడు మా దవాఖాన కారు తుడుస్తున్నాను. చేతిలో గుడ్డ అట్లాగే పట్టుకుని కారు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. సంతోషమొచ్చినా దుఃఖమొచ్చినా నాకు ముందు కాళ్లు కదులుతాయి. ఇది రాస్తూ కూడా ఇప్పటికి నాలుగుసార్లు లేచాను.

బండ్లు బాగుచేసే ఆయన దుకాణం అంటే రోడ్డు పక్కన నాలుగు గుంజల మీద రేకులు, కింద ఒక చెక్కపెట్టె. పెట్టెలో పానాలు, ఆకురాళ్లు. అంగీ జేబులో మాత్రం ఎప్పుడూ ఒక హెడ్‌లైటు బల్బు ఉండేది, దానికి రెండు తీగలు వేలాడుతుండేవి. బండి కదలలేదని ఎవరొచ్చినా మొదట బ్యాటరీనే తిట్టేవాళ్లు. ఆయనకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. "బ్యాటరీని తిట్టుడు సులువు. దానికి నోరు లేదు కద! కరెంటు వచ్చే తొవ్వ అందరు చూస్తరు. వాపసు పోయే తొవ్వ ఎవ్వడు చూడడు" అనేవాడు.

నాకు ఆ వాపసు తోవ అర్థం కావడానికి పరువు పోవలసి వచ్చింది. కొత్తగా డ్రైవరునైన రోజుల్లో ఒకసారి కారు మొరాయిస్తే, ఆయన చూసి "ఎర్త్ పోయింది. జర చూస్తుండు, ముఖం కడుక్కొని వస్త" అని వెళ్లాడు. నాకు తెలిసిన ఎర్త్ మా డాక్టరమ్మ బంగ్లాలో రేడియోది. దాని తీగ కిటికీలోంచి దిగి, నేలలో పాతిన కడ్డీకి కట్టి ఉండేది. ఎండాకాలం ఆ కడ్డీ మొదట్లో రోజూ చెంబెడు నీళ్లు పోసేది నేనే. ఇంకేం, ఎక్కడిదో గడ్డపార తెచ్చి నేలలో దిగగొట్టాను. తీగతో దాన్ని కారు బంపరుకు కట్టి, బిందెడు నీళ్లు కుమ్మరించాను. మిస్త్రీ తిరిగొచ్చి నిలబడిపోయాడు.

"ఏందిర ఇది? బర్రెను కట్టేసినవా?"

"ఎర్త్ ఇచ్చిన, మిస్త్రీ."

"అరె, బండి భూమి మీద లేదుర! రబ్బరు మీదున్నది. దాని ఒళ్లే దానికి భూమి." బ్యాటరీ నుంచి ఇనుప చాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, వెళ్లే తీగ చూపించాడు. కరెంటు ఏ తీగలో పోయినా, తిరిగి రావడం బండి ఇనుములోంచేనని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నేను మొయినాబాద్‌లో దిగితే చాలు, "బర్రెకు నీళ్లు పోసినవా?" అని పదిమందిలో అడిగేవాడు. నాకు కోపమొచ్చేది, నవ్వూ వచ్చేది.

రెండో సంగతి నవ్వుకునేది కాదు. యుద్ధం రోజులు. ఎంకపల్లిలో ఒక పిల్లకు తొలికాన్పు, రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. వెంటనే పట్నం తీసుకుపొమ్మని మా డాక్టరమ్మ చెబితే, ఆ పిల్లనూ ఆమె తల్లినీ కారులో ఎక్కించుకుని బయలుదేరాను. మొయినాబాద్ చేరేసరికి రేడియేటరు మసిలిపోతోంది. నీళ్లు పోద్దామని మిస్త్రీ దుకాణం ముందు ఇంజన్ ఆపాను. మళ్లీ స్టార్టరు నొక్కితే 'టక్' అంది, అంతే. హ్యాండిల్ వేసి భుజాలు పడిపోయేదాకా తిప్పాను. దగ్గిందే తప్ప అందుకోలేదు. వెనక సీట్లో ఆ పిల్ల మూలుగు.

మిస్త్రీ ఉరికొచ్చాడు. హెడ్‌లైట్లు వేయించాడు. బాగా వెలిగాయి. "బ్యాటరీ మంచిగున్నది. నొక్కు" అన్నాడు. నొక్కాను. డ్యాష్‌బోర్డు నుంచి ఇంజన్‌కు వెళ్లే సన్నని చోక్ తీగకు చేతి వెనకభాగం ఆనించి చప్పున తీసుకున్నాడు. "అగో, కాలుతున్నది. తొవ్వ దొరకక కరెంటు దీన్లకెల్లి పోతున్నది." జేబులోంచి బల్బు తీసి ఒక తీగ చాసిస్‌కు, ఒక తీగ ఇంజన్‌కు ఆనించి మళ్లీ నొక్కమన్నాడు. బల్బు వెలిగింది. చుట్టూ ఉన్నవాళ్లు హమ్మయ్య అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వెలుగుడే రోగం. నడుమ పట్టీ మంచిగుంటె ఇది వెలగొద్దు."

ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. దాన్ని చాసిస్‌తో కలిపేది ఒక అల్లిక రాగి పట్టీ. ఆయన దాని బోల్టు విప్పాడు. కింద నల్లగా నిగనిగలాడే కొత్త రంగు. పట్నం నుంచి పెద్ద డాక్టరు వస్తున్నాడని, కారు మెరవాలని, ముందురోజే ఆ పట్టీ విప్పి దాని కింద కూడా రంగు వేసింది నేను. ఆరాక మళ్లీ బిగించి మురిసిపోయిందీ నేనే. వాపసు తోవకు నా చేత్తోనే అడ్డం పెట్టాను. బోల్టు మరల్లో మిగిలిన కాస్త ఆనికతో దవాఖాన దగ్గర ఇంజన్ అందుకుంది గానీ, రోడ్డు కుదుపులకు అదీ పోయింది.

మిస్త్రీ ఒక్కసారి నా వైపు చూశాడు. ఆకురాయి తీసుకుని ఇనుము తెల్లబడేదాకా గీకసాగాడు. ఆ పిల్ల తల్లి దిగొచ్చి, "ఏమైంది బాబూ బండికి?" అని అడిగింది. నేను కారు చుట్టూ తిరగసాగాను.

"ముసల్దైంది అవ్వ. మీ డ్రైవరు మంచిగనే చూసుకుంటడు. ఫికర్ చెయ్యకు" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

బోల్టు బిగించగానే ఇంజన్ అందుకుంది. "పట్నం దాక ఆపకు" అని మడ్‌గార్డు మీద చరిచాడు. తల్లీ బిడ్డా బతికారు. వాపసు వస్తూ ఆయన ముందు తల వంచుకుని నిలబడితే, "రంగు ఎయ్యిర, వద్దంటలే. ఇనుము ఇనుము కలిసే కాడ ఎయ్యకు" అన్నాడు. బర్రె సంగతి అంతమందిలో చాటినవాడు, ఈ సంగతి చనిపోయేదాకా ఒక్కరికీ చెప్పలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేదు.

సోమవారం ఆయన ఇంటి ముందు కూర్చోలేక తిరుగుతుంటే, ఎంకపల్లి అవ్వ కనిపించింది. కూతురినీ, ఆ కాన్పులో పుట్టిన మనవరాలినీ వెంటబెట్టుకుని వచ్చింది. ఇక దాచలేక చెప్పేశాను.

"అవ్వ, ఆ దినం బండి ముసల్దై ఆగలే. రంగు నేనే ఏసిన. నాతోనే ఆగింది."

"తెలుసు కొడుకా" అంది. "మిస్త్రీ ఏ రంగు గీకుతుండెనో, నీ గోర్లల్ల గదే రంగుండె."

"మరి అప్పుడే ఎందుకు అడగలే, అవ్వ?"

"అడిగితె నా బిడ్డను పట్నం ఎవరు తీస్కపోవాలె? నువ్వు అప్పటికే బండి చుట్టు తిరుగుతుంటివి."

కొంగుతో ముఖం తుడుచుకుని ఆమె ఆడవాళ్ల వైపు వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. రోడ్డు మీద మా కారు దగ్గర ఆమె మనవరాలు ఫుట్‌బోర్డు ఎక్కి దూకుతోంది, మళ్లీ ఎక్కి దూకుతోంది. తల్లి ఎంత పిలిచినా ఆగడం లేదు.