బోనమెత్తుకొని పొద్దుటి ఆటకు

మా అత్తమ్మ చాయ మానేసిన రోజుల గురించి చెప్పాలంటే ముందు ఒక సినిమా గురించి చెప్పాలి. ఆ సినిమా నాకు సగమే అర్థమైంది. అయినా దానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

నా భర్త మదీనాగూడలో ఒక మాల్ పైఅంతస్తులోని సినిమా హాల్లో, తలుపు దగ్గర టికెట్లు చింపే పని చేస్తాడు. కరోనా వచ్చి హాలు మూసిన రోజు మేనేజరు అందరినీ నిలబెట్టి, లిఫ్టు పక్కనున్న పోస్టరు చూపించి, "ఈ సినిమా పడిన రోజు పిలుస్తామండి, అప్పటిదాకా ఇళ్లకెళ్లండి" అన్నాడట. ఆ మాట వినగానే అత్తమ్మ పోచమ్మ గుడి వైపు తిరిగి చేతులు జోడించింది.

"తల్లీ, ఆ సిన్మ పడ్డనాడు నీకు బోనమెత్తుత. గడపల ఎత్తిన బోనం నీ ముందల్నే దించుత. అందాక చాయ ముట్ట."

మొక్కులంటే నాకు నమ్మకమే. కానీ గడువును సినిమావాళ్ల చేతిలో పెట్టకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నేను బడికి పోలేదు. మా అమ్మ భజన పుస్తకం ముందు పెట్టుకుని ఇంట్లోనే చదవడం నేర్పింది. ఆ చదువు పుణ్యమా అని ఫోనులో సినిమా తేదీలు చదివి చెప్పే పని నాకు పడింది. ఎండాకాలం అన్నారు. నేను కొత్త కుండ తెచ్చి సున్నం పూసి పసుపు కుంకుమలు పెట్టాను. నా భర్త యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాడు. వాయిదా పడింది. దసరా అన్నారు. మళ్లీ కుండ, మళ్లీ ఇస్త్రీ, మళ్లీ వాయిదా. ఉగాదికీ అంతే. ఎత్తని బోనం కుండల్లో ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో ఉల్లిగడ్డలు పోసుకున్నాం.

ఆ రోజుల్లో నా భర్త మూసిన మాల్ ముందే మాస్కులు అమ్మాడు. చేతి అలవాటు పోక ప్రతి ప్యాకెట్టూ మూల చింపి ఇచ్చేవాడు. "సీల్ తెగిందేంది భాయ్?" అని కొనేవాళ్లు తగాదా పెట్టుకునేవారు.

మధ్యలో ఆ సినిమా నేరుగా ఫోనులోనే వస్తుందని పుకారు లేచింది. అత్తమ్మ పరేషానై, గుడి దగ్గర పసుపు అమ్మే ముసలమ్మను అడిగింది. "ఫోన్ల పడితె మొక్కు తీరినట్టేనా అక్కా?"

"గట్లయితె బోనం గూడ ఫోన్లనే పంపు" అందామె.

చివరికి ఒక శుక్రవారం ఖాయమైంది. హాలువాళ్లు రెండు రోజుల ముందే నా భర్తను పిలిచారు. శుక్రవారం పొద్దున బెల్లమన్నం వండి, కుండలో పెట్టి, వేపాకు చుట్టి, పైన దీపం వెలిగించాం. అత్తమ్మ తలకెత్తుకుంది. మాల్ ముందు నుంచే గుడికి దారి. సరిగ్గా అక్కడికి రాగానే నా ఫోను మోగింది.

"ఒక్కలు గూడ రాలే" అన్నాడు నా భర్త. "సాఫ్ట్‌వేర్ పిల్లలంత ఊర్లల్ల కూసొని పనిచేస్తున్నరు. పది నిమిషాల్ల ఒక్క టికెట్టన్న తెగకుంటె ఆట బంద్. మమ్ముల మళ్ల ఇంటికి పొమ్మంటున్నరు."

విన్నది చెప్పాను. అత్తమ్మ మాల్ వైపు తిరిగింది.

"నడు."

"అత్తమ్మా, బోనం?"

"నేను దించితె గద!"

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె నుదుటికి జ్వరం చూసే మిషను పెట్టాడు. అది కూసింది.

"అమ్మా, జ్వరమున్నది నీకు."

"జ్వరం నాకు గాదు బిడ్డా, దీపానికి."

అతను మిషను మణికట్టుకు పెట్టి పంపించాడు. పైన తలుపు దగ్గర నా భర్త యూనిఫాంలో ఉన్నాడు. తల్లిని చూశాడు, కుండను చూశాడు, గోడ మీది బోర్డును చూశాడు.

"అమ్మా, బయటి తిండి లోపలికి రానియ్యరే."

"తిండా? బోనాన్ని తిండంటవురా!"

మేనేజరు పరుగున వచ్చాడు. "అమ్మా, అది కాస్త పక్కన దించండి, ముందు దీపం..."

"నేను దించి దీపమార్పితె నీ సిన్మ లేస్తదా సారూ?"

ఆయన చెప్పులు విడిచి కుండకు దండం పెట్టాడు. "మీరే రావాలని లేదమ్మా. ఎవరో ఒకరు టికెట్ తీసుకుని కూర్చుంటే ఆట వేస్తామండి."

"పిల్లా, నువ్వు పో. తల్లి కాడికి నాకు దారి ఎరుకనే" అని అత్తమ్మ బోనంతో లిఫ్టెక్కింది.

నేను తీసుకున్న టికెట్టును నా భర్త నా ముఖం చూడకుండా చింపాడు. "మాస్కు పైకి మేడం. సీటు విడిచి సీట్ల కూసోవాలె."

ఇన్నేళ్లలో ఆ హాల్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి. అంత హాలులో నేనొక్కదాన్నే. అయినా నా భర్త చెప్పాడు కదా అని ఎవరూ లేని సీటు పక్కన ఒక సీటు విడిచి కూర్చున్నాను. దీపాలు ఆరిపోగానే చేతులు జోడించాను. హీరో వచ్చాక దించడం మర్యాద కాదేమో అనిపించి అలాగే ఉంచాను.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. బోనం తీరిందని నుదుటి మీద గుళ్లో పెట్టిన పసుపు బండారే చెబుతోంది. చాయ పెట్టి ఇచ్చాను. రెండు చేతులా గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"మొక్కు తీరింది గద అత్తమ్మా."

"మొక్కు నాది తీరింది. నువ్వు రోజూ పోయి కూసుంటవా? ముందుగాల వానికి ఫోన్ జెయ్."

చేశాను. నా భర్త గొంతు తగ్గించి, "మేడం, డ్యూటీల ఉన్న" అన్నాడు. తర్వాత ఆగలేక, "రెండో ఆటకు ఏడుగురొచ్చిన్రు. రేపు గూడ రమ్మన్నరు" అన్నాడు.

చెప్పాను. చాయ అప్పటికే చల్లారి మీగడ కట్టింది. ఆమె వేలితో దాన్ని పక్కకు తీసి, ఒక్క గుక్కలో తాగేసింది.