నీడలు తీసేయించిన సారు

ఈ ఉదయం ఆఫీసు కిటికీ తెరవగానే జీడిపిక్కలు కాల్చే పొగ ఘాటుగా లోపలికి వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు ఏసుదాసు సారు గుర్తొస్తారు. పలాసలో ఒక జీడి కార్ఖానా వెనక మేడమీద, రెండు గదుల్లో ఆయన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపేవారు. అంతకుముందు చాలా ఏళ్ళు లెక్కల మాస్టారు. టెక్కలిలో ఇంజనీరింగ్ చదివి, జలంత్రకోట నుంచి రోజూ బస్సెక్కి వచ్చే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు తమ వంతును ఫోన్‌లోనే ఖాయం చేసుకునే యాప్ ఒకటి మేం తయారుచేశాం. తెరలన్నీ నేనే రాశాను. ప్రతి బటన్ కిందా మెత్తటి నీడ పెట్టాను. వేలు తగలగానే నొక్కిన చోటు నుంచి ఒక వలయం పుట్టి అంచుల దాకా పాకేది. పెద్ద ఊళ్ళ యాప్‌లకు ఏమాత్రం తీసిపోలేదని మురిసిపోయాను. సారు చూసి, బాగుందమ్మా అన్నారు. అంతే.

నెల తిరక్కుండానే భావనపాడు నుంచి పోలమ్మ అనే ఆవిడ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. భర్తకు వంతు ఖాయమైందనుకుని కేంద్రానికి తీసుకెళితే, జాబితాలో ఆయన పేరు లేదట. అప్పటికే ఆయనకు కాళ్ళు వాచి, ఊపిరి అందడం లేదు. ఇంకెవరో తన వంతు వదులుకుంటే సాయంత్రానికి ఆయన్ని మిషనెక్కించారట. ఇదంతా ఆవిడ కోపం లేకుండానే చెప్పింది. చివర్లో ఫోన్ నా ముందు పెట్టి, "నొక్కినానమ్మా. గుండ్రంగా పాకింది. అయిపోనాదనుకున్నాను," అంది.

వాళ్ళ ఊరి హార్బరు దగ్గర సిగ్నల్ సరిగ్గా ఉండదని, ఆ వలయం మేం వాడిన రెడీమేడ్ కోడ్ లైబ్రరీతోనే వస్తుందని, అందులో నా పొరపాటేమీ లేదని గడగడా చెప్పుకొచ్చాను. సారు నన్ను పూర్తిగా చెప్పనిచ్చారు. తర్వాత పోలమ్మ వైపు తిరిగి, "తప్పు మాదమ్మా," అన్నారు. ఆవిడ వెళ్ళాక నాతో ఒక్క మాటే అన్నారు. "సిగ్నల్ పోతే పోనీ. కబురు ఎల్లకుండానే ఎల్లిందని నీ బటన్ సెప్పింది కదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మందలించలేదు, ఊరడించనూ లేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. యాప్‌లోని బటన్లన్నీ ఒకే ఫైలు మీద ఆధారపడి ఉండటంతో అక్కడే మొదలుపెట్టాం. వలయం ఆపేశాం. నొక్కగానే కదిలి అదీ పని అయినట్టే చూపిస్తుందని నీడనూ సున్నా చేశాం. కానీ వేలు పెట్టగానే ఆ నీడ మళ్ళీ లేచింది. బటన్ నొక్కినప్పటి నీడకు వేరే విలువ, బటన్ పనిచేయనప్పటి నీడకు ఇంకో విలువ ఎక్కడెక్కడో రాసి ఉన్నాయి. "ఇంకో సోట దాక్కుంది, సూడు," అంటూ ఆయన ఓపిగ్గా వెతికించారు. తీసేయడం రాయడం కంటే కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఊపులో అంచుగీతలు, రంగు కూడా తీసేశాను. సారు ఫోన్ పట్టుకుని మేడ మీద ఎండలోకి వెళ్ళి చూసి, తెల్లటి తెర మీద ఎక్కడ నొక్కాలో తనకే తెలియడం లేదన్నారు. ముదురు నీలం రంగు, లావుపాటి అంచు తిరిగి పెట్టాం. నొక్కగానే 'పంపుతున్నాం' అని, అవతలి నుంచి జవాబు వచ్చాకే 'మీ వంతు ఖాయమైంది' అని కనిపించేలా రాశాను. జవాబు రాకపోతే 'వెళ్ళలేదు, మళ్ళీ నొక్కండి' అని.

ఆ వారమే ఇద్దరం భావనపాడు వెళ్ళాం. సారు ఫోన్‌లో సిగ్నల్ ఆపేసి, ఏమీ చెప్పకుండా పోలమ్మ చేతికిచ్చారు. ఆవిడ నొక్కి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "ఎల్లనేదంట," అంది. గోడకానుకుని కూర్చున్న ఆమె భర్త నవ్వాడు. ఎన్ని మెప్పులొచ్చినా అంత తేలికపడిన రోజు నాకు మరొకటి లేదు.

నాలుగేళ్ళ తర్వాత అదే జబ్బు సారుకీ వచ్చింది. ఆఫీసు నాకప్పగించి మందసలో కూతురింట్లో ఉండేవారు. తన వంతు మా యాప్‌లోనే ఖాయం చేసుకునేవారు. ఒకసారి చూడటానికి వెళితే జబ్బు సంగతి ఎత్తలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, "అక్షరాలు ఇంకాస్త పెద్దవి సెయ్యమ్మా. ఇప్పుడు తెలుస్తంది నాకు," అన్నారు. అక్కడే కూర్చుని ఒక్కో మెట్టూ పెంచుతూ చూపించాను. కళ్ళజోడు తీసేసి చదవగలిగిన చోట, చాలన్నారు. మరో రెండు నెలలకు వెళ్ళిపోయారు.

ఇప్పుడు మా ఆఫీసులో ఆరుగురం. కొత్తగా చేరినవాళ్ళు ఆ యాప్ తెరిచి, అక్షరాలు మరీ పెద్దవిగా ఉన్నాయి, కాస్త తగ్గిద్దామా అని అడుగుతుంటారు. మిగతావన్నీ మీకు తోచినట్టు మార్చుకోండి, ఆ అక్షరాల సైజు అంకె మాత్రం ముట్టుకోవద్దు అంటాను. అది సారు చూపు ఆనిన కొలత.