కడుగుడమ్మ ఉడకబెట్టిన మట్టి

నర్సరీలో ఆమెను అందరూ కడుగుడమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తర్వాత ముఖం మీదే అనేశారు. ఆమెకు కోపం రాలేదు సరికదా, బిరుదేదో ఇచ్చినట్టు తలెగరేసింది. మట్టి షెడ్డులో ముప్ఫై ఏళ్లు పనిచేసి, గోట్లో మట్టి కనబడకుండా బతికిన మనిషి ఇంకెవరైనా ఉంటే చూపించమనండి. పార కడిగేది, జల్లెడ కడిగేది, చివరికి కడిగే చీపురును కూడా కడిగేది. షెడ్డు తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే వేలాడేది. ఆ చప్పుడు వినబడిందంటే చాలు, కబుర్లాడేవాళ్లంతా నోళ్లు మూసుకుని సంచుల్లో మట్టి నింపేవాళ్లు. ఆ తాళంచెవే ఆమె పరువు, ప్రతిష్ఠ, అన్నీ.

ఆమె కోడలు కూడా అక్కడే పనిచేసేది. పిల్ల మంచిదే గానీ ఒళ్లు వంగదు. పని ఎగ్గొట్టదు, పనిలో సగం ఎగ్గొడుతుంది.

ఆ ఏడు కొండ మీద నాటడానికి, సూదుల్లాంటి ఆకులుండే పైన్ మొక్కలు నాలుగు వందలు కావాలన్నాడు యజమాని. అత్తకు సగం, కోడలికి సగం. ముసలి పైన్ చెట్టు కిందనుంచి తెచ్చిన మట్టి, సంచికి పిడికెడు చొప్పున కలపడం అక్కడి పాత పద్ధతి. ఎందుకు కలుపుతారో ఎవరికీ తెలీదు. పాతవాళ్లు కలిపారు గనక వీళ్లూ కలిపేవాళ్లు. ఇన్నేళ్లూ ఆ మట్టి కలిపే పని వేరేవాళ్లది, ఈసారి కడుగుడమ్మ చేతికొచ్చింది. బుట్ట మూత తీసి చూస్తే ఏముంది? పుచ్చిన ఆకులు, పుట్టగొడుగు ముక్కలు, అన్నిటినీ అల్లుకుని తెల్లటి దారాలు.

"ఛీ ఛీ! ఈ బూజు నా మొక్కలకా?" అంది.

తన వాటా మట్టి మొత్తం డ్రమ్ములో పోసి, కింద మంట పెట్టి ఉడకేసింది. నారుమడిలోంచి తీసిన మొక్కల వేళ్లకు తెలుపు కనబడితే, బకెట్లో ముంచి పసిపిల్లకు తలంటినట్టు కడిగింది.

"నువ్వూ ఇలాగే చెయ్యి" అంది కోడలితో.

"అలాగే అత్తయ్యా" అంది కోడలు. అని, డ్రమ్ము పక్కన ఓ కునుకు తీసి, మట్టిని ఉన్నదున్నట్టు సంచుల్లోకి ఎత్తిపోసింది.

ఈ సంగతి అత్తగారి చెవిన పడనే పడింది. పదిమంది ముందు నడుము మీద చెయ్యి వేసుకుని, "దీని మొక్కలకంటే నా మొక్కలు ముందు ఎండితే ఈ తాళంచెవి దీని చేతిలో పెడతాను, వినండి అందరూ!" అంది. నోరు ఊరికే ఉంటుందా?

ఆ ఏడు వాన మొహం చాటేసింది. బావి అడుగంటింది. నాలుగు రోజులకోసారి సంచికి ఒక్క గ్లాసు నీళ్లు, అంతే అన్నాడు యజమాని. మూడు వారాలకల్లా కడుగుడమ్మ మొక్కలు కొసల నుంచి ఎర్రబడడం మొదలైంది. తడిగుడ్డతో ఒక్కో ఆకుకీ దుమ్ము తుడిచింది. తను తాగే నీళ్లు కూడా పోసింది. కోడలి మొక్కలు మాత్రం, కాస్త వాడినా, పచ్చగానే నిలబడ్డాయి.

ఉండబట్టలేక, ఎవరూ చూడకుండా కోడలి మొక్క ఒకటి పీకింది. వేళ్లు మేజోళ్లు తొడుక్కున్నట్టున్నాయి, అంత తెలుపు. ఆమె ప్రాణం లేచొచ్చింది. "బూజే బూజు! ఇంకెన్నాళ్లులే, రేపో మాపో పోతాయి" అనుకుంది. వారం గడిచినా ఒక్కటీ పోలేదు.

అప్పుడు యజమాని పిలిపిస్తే మట్టి పరీక్ష చేసే అమ్మాయి వచ్చింది. భూతద్దంలోంచి రెండు రకాల వేళ్లూ చూసింది.

"పెద్దమ్మా, ఇది బూజు కాదు. మొక్కకు చుట్టం. వేరు దూరలేని సందుల్లోకి ఈ దారాలు దూరి నీళ్లు పట్టుకొస్తాయి. మొక్క తను చేసుకున్న తీపిలో వీటికి వాటా పెడుతుంది."

"మరి కరువొస్తే?"

"మొక్కకు తిండి తగ్గితే వీటికీ తగ్గుతుంది, ఇవీ చిక్కిపోతాయి. అయినా జతగా ఉన్నవి ఒంటరి వాటికంటే ఎక్కువ రోజులు ఓర్చుకుంటాయి. మీ మొక్కలకు చుట్టాలే లేరు మరి. ఉడకబెట్టేశారు."

"అత్తయ్యకు చుట్టాలంటే మొదట్నుంచీ పడదులెండి" అంది కోడలు.

మొక్కల్ని కొండకు తీసుకెళ్లే లారీ వచ్చిన రోజుకి కోడలివి నూట డెబ్బై నిలిచాయి, అత్తవి పదకొండు. ఎవరూ అడక్కముందే కడుగుడమ్మ తాళంచెవి విప్పి కోడలి చేతిలో పెట్టింది. మెడ మాత్రం వంచలేదు.

కోడలు గుడ్లు తేలేసింది. "అంటే రోజూ ఐదింటికే లేచి తలుపు తియ్యాలా? నా వల్ల కాదు అత్తయ్యా, మీరే ఉంచుకోండి."

"ఇస్తానన్నాను, ఇచ్చాను. చస్తే తీసుకోను."

అందుకని ఇప్పుడు తాళంచెవి కోడలి నడుముకే ఉంటుంది. తెల్లారుజామున నిద్రపోతున్న కోడలి నడుము నుంచి దాన్ని విప్పుకెళ్లి షెడ్డు తెరిచేది మాత్రం అత్తగారే. ఎండ ఎక్కాక కోడలు వస్తే మళ్లీ నడుముకు కట్టి పనిలోకి పంపుతుంది.

షెడ్డు మూలన నీడలో ముసలి చెట్టు మట్టి బుట్ట, పైన తడిగుడ్డ. నిన్న కొత్తగా చేరిన పనామె ఎవరో చీపురు పట్టుకుని అటు వెళ్లింది.

"ఏయ్! ఆ మూల ఊడ్చావంటే ఊరుకోను!" అని అరిచింది కడుగుడమ్మ. "బూజు ఉందక్కడ."