జాన్ గారి ప్రోగ్రాము

కోదాడ కళాశాల కంప్యూటర్ ల్యాబ్ సహాయకురాలు శాంతకుమారి గారు, కీర్తిశేషులైన భర్త జాన్ గారు సీ భాషలో రాసిన ప్రోగ్రామును అక్షరమైనా మార్చకుండా మళ్లీ నడిపించాలని కోరుకున్నారు. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కొత్త కంప్యూటరులో, ఆ ప్రోగ్రాములోని స్ట్ర్‌డప్ అనే ఫంక్షన్ తనకు తెలియదని తిరస్కరించింది.

"ఆ లైను తీసేసి కొత్తగ రాస్తే ఖతం గద, మేడమ్!" అన్నారు అధ్యాపకులు మురళీధర్.

"మీ పెండ్లి ఫోటోల మొకం గూడ గిట్లనే మారుస్తరా, సారూ?"

పరిశీలించగా, ఆ ఫంక్షన్ కంప్యూటరులోని ఫంక్షన్ల లైబ్రరీలోనే ఉన్నది. కంపైలరును 1999 నాటి సీ ప్రమాణాన్ని మాత్రమే పాటించే సీ99 అనే కఠినమైన మోడ్‌లో నడిపినందున, ఆ ప్రమాణంలో లేని ఫంక్షన్ కనబడలేదు. ఆమె మోడ్‌ను, అదనపు ఫంక్షన్లను కూడా అనుమతించే గ్నూ99గా మార్చగానే ప్రోగ్రాము నడిచింది.

"శాంతా, అన్నం తిన్నవా?" అని తెరపై అడిగి, జవాబు కోసం ఆగింది.

ఆమె జవాబు టైపు చేశారు. నొక్కితే ప్రోగ్రాము ముగుస్తుందని, ఎంటర్ మాత్రం నొక్కలేదు.