అత్త కారు ఆగిన చోటు

మా మేనత్త పోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి అలాగే ఉండిపోయిందట. ఆమె కొడుకు, అంటే నా బావ, ఫోన్ చేసి "అమ్మ లేస్తా లేదురా, నువ్వు రా" అన్నాడు. నేను మణవాళనగర్ చేరేసరికి వాళ్ళ గేటు ముందు చెప్పులు పేరుకుపోయి ఉన్నాయి.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తిరువళ్ళూరు కరెంటాఫీసులో పనిచేసి రిటైరైంది. అప్పుడే ఎలక్ట్రిక్ కారు కొంది. డ్రైవింగ్ అంతకు చాలా ఏళ్ళ ముందే నేర్చుకుంది. మామ కారు ప్రమాదంలో పోయాక, ఇంకొకరు నడిపే బండిలో పక్కన కూర్చోలేకపోయేది.

ఆ ప్రమాదం గురించి మా ఇళ్ళలో అందరూ ఒకటే మాట అనేవారు. తిరుత్తణి దర్శనం చేసుకుని మధ్యాహ్నం తిరిగివస్తుండగా, కనకమ్మ సత్రం ఊరు దాటాక మామ కునుకు తీశాడనీ, కారు చింతచెట్టుకు కొట్టుకుందనీ. పక్క సీట్లో అత్త కూడా నిద్రపోయింది. "ఆమైనా మేలుకొని ఉంటే మా తమ్ముడు దక్కేవాడు" అని మామ వాళ్ళ అన్నయ్య పెళ్ళిళ్ళలో సైతం అనేవాడు. అత్త విని ఊరుకునేది. అయితే ఆ తరవాత తన కారులో ముందు సీట్లో ఎవరినీ నిద్రపోనిచ్చేది కాదు. పుట్నాల పొట్లం ఒళ్ళో పెట్టి, "నములుతా ఉండు నాయనా" అనేది.

కొత్త కారు మీద ఆమెకు మోజూ ఉండేది, అనుమానమూ ఉండేది. దానికి చప్పుడు లేదు. మేకలు దారి ఇచ్చేవి కావు, కుక్కలు తల ఎత్తేవి కావు. "నేను వస్తా ఉండానని ఎవురికీ తెలీదురా. దయ్యం పోయినట్టు పోతా ఉండా" అని మలుపు మలుపుకూ హారన్ కొట్టేది. రోడ్డు గీతలు చూసుకుని స్టీరింగ్ తనంతట తాను కాస్త కాస్త తిరిగేది. మొదట్లో ఒళ్ళు జలదరించి చేతులు తీసేసేది. తరవాత ఇష్టపడింది. "చిన్నప్పుడు మా అయ్య నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినట్టుండాది" అంది ఒకసారి.

నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు తిరుత్తణి వెళ్ళేటప్పుడు నన్ను తోడు తీసుకువెళ్ళేది. అలా ఒకసారి తిరిగివస్తున్నాం. ఎండ నడినెత్తిన ఉంది. రోడ్డు మీద పురుగు కూడా లేదు. కనకమ్మ సత్రం దాటాం. ఉన్నట్టుండి కారు తనంతట తానే బ్రేకు వేసింది. నేను ముందుకు తూలాను. స్టీరింగ్ పక్కనున్న తెర మీద, మా కారు బొమ్మకు ఎదురుగా, ఒక మనిషి ఆకారం బూడిద రంగులో నిలబడి ఉంది. తలెత్తి చూశాను. ఎదురుగా ఖాళీ రోడ్డు, ఎండమావి.

అత్త కదల్లేదు. తెర వైపు చూస్తూ మెల్లగా, "జరుగమ్మా" అంది.

ఆ ఆకారం చెదిరిపోయింది. కారు కదిలింది.

"ఎవరితో అత్తా?" అన్నాను.

"మీ మామ ఆ పొద్దు పలికిన మాటరా అది. నాకు సగం నిద్దర. 'జరుగమ్మా' అన్నాడు, కారు పక్కకి తిప్పినాడు. నేను కండ్లు తెరిచే లోపల చెట్టు. ఆయన నిద్రపోలా. ఎవురో అడ్డం వచ్చినారు."

"ఎవరికీ చెప్పలేదేం?"

"కలగన్నావంటారు. నాకే నమ్మకం లేకపోయ."

తరవాత నెలా అక్కడే ఆగింది. ఆకారమూ అక్కడే. బావ భయపడి కారును సర్వీసుకు ఇవ్వాలన్నాడు. అత్త నడుపుతుంటే మేమిద్దరమూ వెళ్ళాం. అక్కడి మెకానిక్ నవ్వి, "చెట్టు నీడనో, బోర్డునో చూసి మనిషనుకుంటా ఉండాదమ్మా. అప్‌డేట్ వేస్తే సెరి అయిపోతాది" అన్నాడు.

"అంటే, దానికి కనబడేదాన్ని చూడొద్దని చెప్తావా?" అంది అత్త.

"నడిరోడ్డులో ఇట్లా ఆగితే ఎనకాల లారీ వచ్చి కొడతాదమ్మా."

అత్త కారు వైపు చూసింది. "అదీ నిజమే. ఎనకాల వచ్చేవాళ్ళకి బిడ్డలుంటారు. వెయ్యి నాయనా" అంది.

ఆ పై నెల కారు ఆ చోటును ఆగకుండా దాటింది. తెర మీద ఖాళీ దారి. అత్త వెనక అద్దంలోకి చూస్తూనే ఉంది. "అందరూ చూడకుండా పోతా ఉంటే, ఆ మనిషి అట్లే నిలబడుకుని ఉంటాదేమోరా" అంది. అప్పట్నుంచీ అక్కడికి రాగానే వెనక బండి లేదని చూసుకుని, తన కాలితోనే బ్రేకు నొక్కి నెమ్మదించేది.

మామ తద్దినం నాడు భోజనాల దగ్గర ఆయన అన్న మళ్ళీ ఆ నిద్ర సంగతి ఎత్తాడు. అత్త వడ్డించడం ఆపింది. గొంతు పెంచలేదు.

"బావా, ఆయన నిద్రపోలా. అడ్డమొచ్చిన ఆడమనిషిని తప్పించబోయి పోయినాడు. చివరి మాట ఆమెతో మాట్లాడినాడు. నేను విన్నా."

ఆ పెద్దాయన విస్తరి మీంచి చెయ్యి తీసి, "ఇన్నేండ్లు చెప్పలేదే తల్లీ" అన్నాడు.

"మీరు అడగలేదు" అని సాంబారు గిన్నె తీసుకుంది.

ఆ తరవాత ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. తెర మీద నిలబడింది చెట్టు నీడేనని నేను అనుకుంటాను. కానీ ఆ నీడ అత్తకు తన చెవుల మీద నమ్మకం తిరిగి ఇచ్చింది. అందుకు దానికి దండం పెట్టుకోవాలనిపిస్తుంది. మళ్ళీ ఆ దారిన ఒంటరిగా వెళ్ళాలంటే మాత్రం నాకు ధైర్యం చాలదు.

అత్తను తీసుకువెళ్ళిన రోజు, పందిరి వేసేవాళ్ళకు అడ్డమని నేనే ఆమె కారును గోడవారకు జరిపాను. మధ్యాహ్నం పాడె ఎత్తాం. ఎడమవైపు భుజం నాది. కారు పక్కగా వచ్చేసరికి దాని దీపాలు వెలిగాయి. ముడుచుకుని ఉన్న అద్దాలు రెండూ మెల్లగా విచ్చుకున్నాయి. తాళం నా చొక్కా జేబులో ఉంది. తాళం దగ్గరకొస్తే ఆ కారు అలాగే మేలుకుంటుంది. నాకు తెలుసు. అయినా నా అడుగు పడలేదు. ముందు నిప్పుకుండతో నడుస్తున్న బావ కూడా ఆగి వెనక్కి చూశాడు. పలక డప్పుల మోత వీధిలోకి వెళ్ళిపోయింది. మేము గేటు దాటాక తల తిప్పి చూశాను. ఎండలో పాలిపోయిన ఆ రెండు దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. అద్దాలు, చప్పుడు లేకుండా, ఒకదాని తరవాత ఒకటి ముడుచుకుంటున్నాయి.